సేమిసి పేరున నలుపు

ఆకనేసి అనుమానపు మనిషి. చాపలు అల్లే ఆకు కొనేటప్పుడు, బరువు కోసం తడిపారేమోనని కట్ట విప్పి చూసేది. పాస్టరుగారు ప్రార్థన తొందరగా ముగిస్తే, ఈయనకు ఎవరింట్లో విందుందోనని ఆరా తీసేది. పక్కింట్లో ఉన్న పాపానికి అవన్నీ నేనే వినాలి.

ఆమె మొగుడు సేమిసి పడవ ఇంజిన్లు బాగుచేసేవాడు. నోరు విప్పితే కసురే. అతను పోయాక అతని సొంత చెల్లెళ్లే కొద్ది నెలలకు సంతాపపు నలుపు విప్పేసి పూలగౌన్లలోకి మారిపోయారు. మా దీవి ఆచారం ప్రకారం ఏడాదంతా నల్లబట్టల్లో, సంతాపానికి నడుముకు చుట్టుకునే చిరుగుల చాపతో తిరగాల్సింది ఆకనేసి ఒక్కతే.

సరిగ్గా అప్పుడే సిడ్నీ నుంచి మెలెనైతే తిరిగొచ్చి, మా వీధి చివర ఇంట్లో దిగింది. సిడ్నీలో అట్టపెట్టెలకూ బోర్డులకూ బొమ్మలు గీసే ఉద్యోగమట. వచ్చిన రోజు నుంచీ మెడ నుంచి మడమ దాకా నలుపే. బజారుకు నలుపు, చర్చికి నలుపు.

"ఒసేయ్, అది ఎవరి కోసం వేస్తోందే?" అంది ఆకనేసి.

"నాకేం తెలుసు వదినా? వాళ్లింట్లో ఎవరూ పోలేదు."

"నేననేదీ అదే! మా ఆయనా అదీ ఒకే బళ్లో చదివారు. పోయే ముందు ఇంజిన్ సామాన్లకని సిడ్నీ వెళ్లొచ్చాడు కూడా. సామాన్లకేనంటావా?"

ఇక వీధి కనిపించేలా గుమ్మంలో కూర్చునే అల్లేది. మెలెనైతే తల దించుకుని పోతే "నా మొహం చూడలేకపోతోంది" అనేది. నవ్వి పలకరిస్తే "ఎంత ధైర్యమో చూడు" అనేది. చచ్చినవాడి మీద ఇంత కాపలా ఏమిటని నాకు ఒళ్లు మండేది.

ఇంతలో మెలెనైతే రొట్టెల కొట్టుకు కొత్త బోర్డు వేసింది. నల్లటి బోర్డు, చుట్టూ ఊదారంగు అంచు. తెల్లారేసరికి జనం చావింటికి ఇచ్చే చాపలూ బట్టలూ పట్టుకుని, ఏడుపు మొహాలతో కొట్టు ముందు చేరారు. పిండి చేతులతో యజమాని బయటికొచ్చి, "నేను బతికే ఉన్నానర్రా!" అని కేకలేశాడు. ఊరంతా పడీపడీ నవ్వింది, ఆకనేసి తప్ప. అల్లుతున్న చాప వదిలేసి విసవిసా మెలెనైతే ఇంటికి నడిచింది. నేనూ వెనకే పరుగెత్తాను.

"వాకిట్లో నలుపూ ఊదా గుడ్డలు కలిపి కడితే చావిల్లని తెలీదా నీకు?"

"ఎందుకు తెలీదక్కా! కానీ అక్కడ ఖరీదైన చాక్లెట్ డబ్బాలకు అవే రంగులు వేసేదాన్ని. చెయ్యి అలా అలవాటుపడిపోయింది."

"మరి ఈ బట్టలు?"

"మా ఆఫీసులో అందరూ నలుపే వేస్తారు. హుందాగా ఉంటుందని. నా దగ్గర వేరేవి లేవు."

"అయితే మా సేమిసి కోసం కాదూ?"

"ఏ సేమిసి? ఓ, మీ ఆయనా? ఆయన మొహం కూడా నాకు గుర్తులేదక్కా."

పీడ విరగడైందని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆకనేసి మాత్రం మెట్ల మీద కూలబడి భోరుమంది.

"ఆయన కోసం ఏడ్చే మనిషి ఇంకొకత్తి ఉందనుకున్నానే ఇన్నాళ్లూ," అంది.

"ఏమనుకోకక్కా, రేపే పూలబట్టలు కొనుక్కుంటాను," అంది మెలెనైతే కంగారుగా.

ఆకనేసి ముక్కు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు. నా ఏడాది అయ్యేదాకా నువ్వూ నలుపు విప్పకు."