ఊక పొయ్యి ముందు వదిన

మా అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. ఊక మిల్లు నుంచి ఉత్తగా వస్తుంది కదా అని ఇంటి వెనక రేకుల కింద ఊక పొయ్యి పెట్టించాడు. ఇంట్లో రెండు గ్యాస్ సిలిండర్లున్నాయి. చుట్టాలొస్తే తప్ప వాటిని ముట్టించకూడదని ఆయన నియమం. నిండు సిలిండర్ ఇంట్లో ఉంటే ధైర్యమట.

ఆ ధైర్యం కోసం మా వదిన పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున్నే రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, గట్టిగా అదిమి, సీసాను మెల్లగా పైకి లాగి, ఆ సందులో పుల్ల ముట్టిస్తోంది. ఊక ఏ కాస్త వదులైనా కూలిపోతుంది. మంట ఆరి పొగంతా మొహాన కొడుతుంది.

ఇందులో నా తప్పూ ఉంది. కోదాడలో విలేకరిగా ఉన్నప్పుడు, పొదుపుగా బతికే ఇల్లంటూ ఒక ఆదివారం ఆ పొయ్యి గురించి రాశాను. వదిన ఫొటో కూడా వేశాం. పొగకు కళ్ళు చికిలించిన మనిషిని నవ్వుతున్న ఇల్లాలని రాశాను. అన్న ఆ పేపరు మిల్లులో అందరికీ చూపించాడు. ఊరంతా మెచ్చుకున్నాక వదిన గ్యాస్ మాట ఏ మొహంతో ఎత్తుతుంది?

మొన్న చలికాలంలో ఆమె నాలుగు మెట్లు ఎక్కలేకపోయింది. సూర్యాపేటలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. దేని మీద వండుతావమ్మా అని ఆయన అడిగాడు. వదిన నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు.

"గ్యాస్ ఉంది సార్. రెండున్నయ్."

అబద్ధం కాదు. అన్న పని రైస్ మిల్లులో అని విని, ఆ దుమ్మేమోనంటూ డాక్టరు రాసుకోసాగాడు. వదిన తలొంచుకుని చేతులు చూసుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. గ్యాస్ ఉంది గానీ ముట్టించరని, రెండు పూటలా ఊక పొగలోనే వంట అని చెప్పేశాను. డాక్టరు రాయడం ఆపాడు. పొగ దగ్గరికి పోతే ఈ మందులు పనిచేయవని అన్న మొహం మీదే అన్నాడు.

బయటికి రాగానే అన్న నా మీద పడ్డాడు.

"ఇంటి ముచ్చట బయట చెప్తవా తమ్మీ?"

"పేపర్ల ఏసిన నాడు ఇంటి ముచ్చట కాదా అన్నా?"

ఆయన బస్టాండు వైపు నడిచాడు. బస్సెక్కాక, పీల్చే మందు రోజుకు ఒక్కసారే వాడితే డబ్బా రెండింతల రోజులు వస్తుంది కదా అని వదినను అడిగాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

పొదుపు మీద ఎన్ని వ్యాసాలు రాశానో నాకే లెక్క లేదు. ఆ మిగిలేది ఎవరి ఒంట్లోంచి మిగులుతోందని ఒక్కదాంట్లోనూ అడగలేదు. మా అన్న చొక్కాలు ఇప్పటికీ బయట ఇస్త్రీకే వెళ్తాయి.

వారం తర్వాత పొద్దున్నే ఫోన్ చేశాను. వంట ఇప్పుడు గ్యాస్ మీదే అని వదిన చెప్పింది. మాట పూర్తికాకముందే దగ్గు. ఎక్కడున్నావంటే వెనక రేకుల కింద అంది. అన్న స్నానం నీళ్ళకు గ్యాస్ దండగట. ఆ పొయ్యేదో అన్ననే ముట్టించుకోమని చెప్పమన్నాను.

"ఆయనకు ఊక కూరుడు రాదు మరిదీ."

ఫోన్ ఆయనకిమ్మన్నాను. చన్నీళ్ళు పోసుకోమన్నాను. ఆయనకు పడదట. జలుబు చేస్తుందట.