సైదమ్మ కొట్టంలో లేని బర్రె

మూడేళ్ళ కిందట, వానాకాలం నాట్లు జోరుగా సాగుతున్న రోజులు. సూర్యాపేట దగ్గర ఆత్మకూర్ (ఎస్) మండలంలో నేను పశువైద్య సహాయకుణ్ణి. సబ్సిడీ మీద బర్రెలు తీసుకున్న ఇళ్ళకు వెళ్ళి ఇయర్ ట్యాగ్‌లు సరిచూడడం ఆ వారం నా పని. చెవికి గుచ్చే ఆ ప్లాస్టిక్ బిళ్ళ మీది నంబరే బర్రెకు ఆధార్ కార్డు.

నాతోపాటు కోదాడ నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. మంచి మనిషే గానీ, పేదరికానికి మందు తన జేబులోనే ఉన్నట్టు మాట్లాడేవారు.

బర్రె తీసుకున్నవాళ్ళలో ఒకరైన సైదమ్మకు భర్త లేడు, గుంటెడు భూమి కూడా లేదు. కూలి పనే ఆధారం. మేం వెళ్ళేసరికి ఆమె కొట్టం ఖాళీగా ఉంది.

“గేదె ఏదమ్మా? అమ్మేశావా?” అని ఆఫీసరు గొంతు పెంచారు.

“అమ్మలే సారూ. వెంకన్నకు మేపుడుకిచ్చిన. గాయన బోరు కాడ ఉంది, సూద్దురు రాండ్రి.”

నిజమే. రైతు వెంకన్న పొలంలో బర్రె నిగనిగలాడుతోంది, ట్యాగ్ నంబరూ సరిపోయింది. మేత, చాకిరి వెంకన్నవి. పాలు చెరిసగం. పుట్టే దూడ సైదమ్మది. అదీ వాళ్ళ ఒప్పందం.

“ఇందుకేనయ్యా వీళ్ళు బాగుపడనిది,” అన్నారు ఆఫీసరు నాతో. “సగం పాలు ఊరికే వదులుకుంటోంది. కష్టపడే గుణం ఉండొద్దూ?” బర్రె ఆమె ఇంట్లోనే ఉండాలని, లేకపోతే వెనక్కి తీసుకుంటామని చెప్పేశారు.

సైదమ్మ ముఖం పాలిపోయింది. “నేను కూలికి పోతే దానికి గడ్డేసెటోళ్ళు లేరు. దాని కాడుంటే నాకు బువ్వ లేదు. గడ్డి కొనవట్టుకుంటే పాల పైసలన్నీ గడ్డికే పోతయ్. ఇగ మీరే చెప్పుండ్రి.”

వెంకన్నది ఇంకో మాట. “ఆమె బద్ధకంది కాదు సారూ. సదువు లేక గిట్లయింది.”

నాకు తమాషాగా అనిపించింది. ఒకే మనిషి, ఒకే బర్రె, ఆమె పేదరికానికి కారణాలు మాత్రం మూడు. ఆఫీసరు మాటా పూర్తిగా తప్పు కాదు. మేత ఉంటే సగం పాలు వదులుకోవడం నష్టమే. ఆ మేతే లేదు.

అప్పటికి బర్రె చూడితో ఉంది. “సార్, ఇప్పుడు మేత చెడితే కడుపులో దూడకే ముప్పు. ఈనేదాకా ఆగుదాం,” అన్నాను. ఆయన చాలాసేపు గొణిగి, “సరే, పూచీ నీదే,” అన్నారు. ఆ నెలలన్నీ నాకు గుబులే.

ఆడదూడ పుట్టింది. ఆఫీసరు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆ దూడ పెద్దదై, అదీ వెంకన్న దగ్గరే మేస్తోంది. మొన్న మేమిద్దరం అటు వెళ్ళినప్పుడు ఆయనే ఆరా తీశారు, “ఏమ్మా, పేదరికం పోయిందా?”

“యాడ పోయింది సారూ!” అని సైదమ్మ నవ్వింది. “గానీ మునుపు నాట్లకు ఎవరు పిలిచినా ఉరికేదాన్ని. ఇప్పుడు పాల పైసలు చేతిల ఉన్నయ్, కూలెంతిస్తరో అడిగినంకనే గడప దాటుతున్న.”

నాకు చెప్పలేనంత సంతోషమేసింది. మేం బర్రెను ఇచ్చేది మనిషి ఆ ఒక్క మాట అడగగలగడానికేనని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.