కుడిచేతి నిశానీ

ఉద్యోగంలో చేరిన రోజున ప్లీడరుగారు నాకు చెప్పింది ఒక్కటే. తప్పు చేస్తే వెంటనే వచ్చి చెప్పాలి, దాచిపెడితే మాత్రం మరి రానక్కర్లేదు. టెక్కలి కోర్టు వెనక సందులో రెండు గదుల ఆఫీసు ఆయనది. డిగ్రీ అయ్యాక పారాలీగల్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లాను. ఆయన దాన్ని చూడనైనా లేదు. కక్షిదారు చెప్పింది చెప్పినట్టు రాయగలవా, కాగితాలు వరస తప్పకుండా కుట్టగలవా అని మాత్రం అడిగారు. గలనన్నాను. నాకు పొగరు కొంచెం ఎక్కువే. తప్పులు చేసేవాళ్లు వేరే ఎక్కడో ఉంటారనుకునేదాన్ని.

మూడో వారంలోనే నన్ను పూండి దగ్గర ఒక ఊరికి ఒంటరిగా పంపారు. అక్కడి రైతుకి కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. తండ్రి నుంచి వచ్చిన జీడితోట మొత్తం తనదేనని ఆయన తమ్ముడు దావా వేశాడు. అన్నకి తెలివి లేదని, పేరు మాత్రం ఆయనదని, వ్యవహారమంతా నడిపేది వదినేనని అందులో రాయించాడు. దానికి మా రైతు జవాబు దాఖలు చెయ్యాలి. వాయిదాలన్నీ అయిపోయి, ఆఖరి అవకాశం మిగిలింది. మర్నాడు జవాబు పడకపోతే ఆయన మాట వినకుండానే తీర్పు. ఆ ఇంటికి ఆ తోట తప్ప వేరే ఆధారం లేదు.

ప్లీడరుగారు అంతకుముందే ఆయన్ని కలిసి, చెప్పినదంతా రాసుకున్నారు. టైపు చేసిన నాలుగు పేజీలూ చదివి వినిపించడం, ప్రతి పేజీ కింద నిశానీ వేయించడం, నా ఎదుటే వేశారని సంతకం పెట్టడం, ఇవీ నా పనులు. సంతకం రానివాళ్లు వేసే వేలిముద్రనే నిశానీ అంటారు.

ఆయన అరుగు మీద నులకమంచంలో కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. రెండో పేజీ మధ్యలో ఆపి, "తుపానుకి పడిపోయినవి పోగా, ఇప్పుడున్న సెట్లు నాటింది నానే. అది రాసినారా?" అని అడిగాడు. తర్వాతి పేరాలో ఉందని చదివి చూపించాను. తల ఊపాడు. తెలివి లేదన్న మనిషిని ఒక్కసారి ఇక్కడికి తెచ్చి కూర్చోబెట్టాలనిపించింది.

ఇంకు ప్యాడు తెరిచి ఆయన ఎడమచెయ్యి పట్టుకోబోయాను. పక్కనే ఉన్న భార్య గభాలున అడ్డం వచ్చింది.

"ఆ సెయ్యి ముట్టుకోకమ్మా. నిన్ననే సూదులు ఎట్టినారు. బీపీ సూడ్డానిక్కూడా ఆ సెయ్యి ఇయ్యం మేం."

మోచేతి పైన, చర్మం కింద లావుగా ఉబ్బి ఉన్న నరం, దాని మీద దూది పట్టీ. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన కుడిచెయ్యి చాపాడు. ఆ బొటనవేలితోనే నాలుగు పేజీల మీదా నిశానీ వేయించాను.

ఏ చెయ్యన్నది ముఖ్యమని ఎందుకు తట్టలేదని ఇప్పటికీ అనుకుంటాను. మా నాన్న నౌపడ ఉప్పు మడుల్లో పనిచేస్తాడు. ఉప్పుకి వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషను మీద పదివేళ్లూ ఒకటి తర్వాత ఒకటి పెట్టి చూస్తాడు. ఏ వేలు పడితే ఆ వేలే ఆ నెల మాకు అన్నం పెట్టిన వేలు. మా ఇంట్లో ఏదో ఒకటి పడడమే గొప్ప. ఎడమదా కుడిదా అని అడిగినవాళ్లు లేరు.

వెళ్లేముందు ఆయన నాకు బోండం కొట్టించాడు. వద్దంటే వినలేదు. సొంత చెట్టు కాయే అయినా ఆయన తాగకూడదట. మామూలు నీళ్లే గ్లాసుతో కొలిచి ఇస్తుంది భార్య. నేను తాగుతున్నంతసేపూ ఆయన నన్నే చూశాడు. సిగ్గేసి, సగంలో దించేశాను. పూర్తిగా తాగమన్నాడు.

పూండిలో పాసింజరు రైలెక్కి, కాగితాలు ఒకసారి చూసుకుందామని తీశాను. ప్రతి నిశానీ కిందా టైపు చేసి ఉంది: ఎడమచేతి బొటనవేలి ముద్ర. నాలుగు చోట్ల. నా ఎదుటే వేశారని కింద నా సంతకం.

అన్నకి తెలియకుండా వదినే నడిపిస్తోందని అరుస్తున్నవాళ్ల చేతికి, ఇది ఆయన ఎడమవేలు కాదు అని నిరూపించే కాగితాన్ని నేనే ఇస్తున్నాను. పాత రిజిస్ట్రీ కాగితాల్లో ఆయన ఎడమవేలి ముద్ర ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆ తర్వాత ఆ వేలు ఎవరిదన్నా అనవచ్చు.

ఎవరు చూస్తారులే అని కూడా అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇష్టం లేదు గాని, అనుకున్నాను. నౌపడలో దిగేదాకా అదే అనుకున్నాను.

ఫోను చేతిలోనే ఉంది. ప్లీడరుగారికి చెయ్యలేదు. మూడు వారాలకే ఉద్యోగం పోతుందని భయం. అన్నాల దగ్గర నాన్న ప్రార్థన చేస్తూ, మా అమ్మాయి చేతుల మీదుగా బీదవాళ్లకి న్యాయం జరగాలి ప్రభువా అన్నాడు. నాకు ఆమెన్ అనడానికి నోరు రాలేదు. మర్నాడు రైతుకి డయాలసిస్ రోజని గుర్తొచ్చింది. ఆఫీసులో ముద్రలు లేని రెండో సెట్టు కూడా ఇచ్చి పంపారు. పొద్దున్నే పలాస వెళ్లి దానిమీద ఎడమవేలు వేయించుకుంటే ఈ తప్పు ఎవరికీ తెలియదు. ఆ ఒక్క ఆలోచనతో నిద్రపోయాను.

ఏడున్నరకల్లా వార్డు గుమ్మంలో ఉన్నాను. ఆయన అప్పటికే మిషను మీద ఉన్నాడు. ఎడమచేతికి రెండు సూదులు, రెండు గొట్టాలు, వాటిలో ఆయన రక్తం పోతూ వస్తూ ఉంది. వేలు ఒక్కటే కదా, కదపకుండా వేయిస్తానని సిస్టరుని బతిమాలాను. సూది జారితే ఏమవుతుందో తెలుసా అని ఆవిడ గట్టిగానే అడిగింది. ఎప్పుడు తీస్తారంటే పదిన్నర దాటుతుందంది. పదిన్నరకి కోర్టు టెక్కలిలో మొదలవుతుంది.

ఆయన నావైపు చూసి ఏటైందని అడిగాడు. దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఎడమ అని రాసి ఉంటే కుడిది వేయించానని, నాదే తప్పని, రాత్రంతా దాచానని కూడా చెప్పాను. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం మిషను వైపు చూస్తూ అన్నాడు.

"ఏ సెయ్యయితే ఏటమ్మా, ఏసింది నానే గదా. కుడిసెయ్యని రాయి. ఎందుకేసినానో అదీ రాయి."

అంతే. నిన్నటి నుంచి నా బుర్రకి తట్టనిది అదే. నేను నన్ను దాచుకునే దారి వెతికాను గాని, ఆయన మాట నిలబెట్టే దారి వెతకలేదు. నాలుగు పేజీల మీదా ఎడమ అన్న మాట కొట్టేసి, కుడి అని రాసి, ఎడమచేతికి డయాలసిస్ సూదులు వేస్తున్నందున అని కారణం రాశాను. అదంతా చదివి వినిపించాను. ఒక్కో దిద్దుబాటు పక్కనా ఆయన మళ్లీ కుడి బొటనవేలు వేశాడు. సిస్టరే అట్టముక్క తెచ్చి కాగితాల కింద పెట్టింది.

బస్సులోంచి ప్లీడరుగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. నిన్న సాయంత్రం ఎందుకు చెప్పలేదన్నారు. భయమేసిందన్నాను. తిన్నగా కోర్టుకి రమ్మని పెట్టేశారు.

కేసు పిలిచే సమయానికి చేరాను. కొట్టివేతలు చూడగానే అవతలి ప్లీడరు లేచి, ముద్రలు ఎవరివో తేల్చాలన్నారు. జడ్జిగారు ఇవి వేయించింది ఎవరని అడిగారు. నేనేనండి అని లేచాను. ఏం జరిగిందో చెప్పమన్నారు. తప్పుతో సహా చెప్పాను. ఆయన నాలుగు పేజీలూ తిరగేసి, జవాబుని దాఖలు చేసుకున్నారు. ముద్రల సంగతి విచారణలో చూద్దామన్నారు.

వరండాలోకి వచ్చేసరికి ఇందాక అవతలి ప్లీడరు వెనక కూర్చున్న తమ్ముడు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. అవతలి పక్షంతో మాట్లాడకూడదని నాకు తెలుసు. తప్పుకుని పోబోయాను. అతనే అడిగాడు.

"మా అన్నకి ఎడం సేతికా సూదులు ఎడతన్నారు?"

నేను అడుగు ముందుకేశాను. అతను మళ్లీ, "నాకు తెల్దు. నాకెవులూ సెప్పనేదు," అన్నాడు.

తెలివి లేదని అంత నమ్మకంగా రాయించిన మనిషి ఇతనేనా అని ఒళ్లు మండింది. మీరెప్పుడైనా వెళ్లి అడిగారా అనేశాను. అతను తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ చేతి బొటనవేలు చూశాను. పొట్టిగా, వెడల్పుగా, పొద్దున్న నేను పట్టుకుని ఇంకు రాసిన వేలిలాగే ఉంది.

విచారణ మొదలవకుండానే ఆ వర్షాకాలంలో మా రైతు పోయాడు. కేసు భార్య పేరు మీద నడుస్తోంది. తమ్ముడు ఇప్పటికీ దావా వెనక్కి తీసుకోలేదు. నా ఉద్యోగం పోలేదు. కేసు కట్టలో ఆయన నోటి మాటగా ఉన్నవి ఆ నాలుగు పేజీలే. వాటి మీద ఎనిమిది ముద్రలున్నాయి, ఎనిమిదీ కుడిచేతివే.