వెనక్కి తిప్పిన సిగ్గుబిళ్ళ

మా అమ్మాయికి పుట్టుకతోనే ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక గూట్లోంచి జారి ఉంది. తొంభైల చివర సంగతి. విశాఖపట్నంలో డాక్టరుగారు దాన్ని సరిచేసి, నడుము నుంచి చీలమండల దాకా పిండికట్టు వేశారు. కట్టు విప్పాక, "నెల ఆగి మీ రాయగడలోనే ఎక్స్‌రే తీయించి పట్టుకురండి. ఎముక నిలిచిందో, మళ్ళీ జారిందో తెలుస్తుంది," అన్నారు. జారితే ఆపరేషను. అదీ కుదరకపోతే పిల్ల జన్మంతా కుంటుతుంది. ఆ నెలంతా నాకు అన్నం సయించలేదు.

పిల్ల ఒంటి మీద ఏమీ ఉండకూడదని రాయగడలో ఎక్స్‌రే అతను ఒడియాలో గట్టిగానే చెప్పాడు. కొట్లో రోజంతా ఒడియాలోనే బేరాలాడే మా అత్తగారికి అది అర్థం కాకపోవడం ఏమిటి! పిల్లను బల్ల మీద పడుకోబెట్టింది ఆవిడే. ఫిల్ము తీసుకుని మర్నాడు రైలెక్కాం.

డాక్టరుగారు ఫిల్మును లైటుకి పెట్టి, "ఇదేమిటమ్మా?" అన్నారు. సరిగ్గా ఎడమ తుంటి మీద రావాకు ఆకారంలో తెల్లగా మచ్చ. పిల్ల మొలతాడుకి కట్టిన వెండి సిగ్గుబిళ్ళ అది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తియ్యమన్నాడు కదా అత్తయ్యా!"

"ఆడపిల్ల మొల బోసిగా ఎలాగుంచుతామే? ఎనక్కి తిప్పేసేను కదా. ముందునుంచి తీసే ఫోటోలో ఎనకున్నది ఎలాగ పడతాది?"

"ఒంట్లోంచి దూరిపోయే కిరణాలకి ముందేటి, ఎనకేటి!" అన్నాను.

డాక్టరుగారు నవ్వలేదు. గూడు కనబడటం లేదు, కింది అంతస్తులో మళ్ళీ తీయించుకురమ్మన్నారు. ఈసారి అత్తగారు మొలతాడే విప్పేసింది. పిల్లను నా చేతుల్లోంచి లాక్కున్నంత పని చేసి, కుంటుకుంటూ మెట్లు దిగింది. ఆవిడ ఎడమ కాలు చిన్నప్పటి నుంచీ అంతే. పిల్లకి కట్టు వేసిన రోజున "నా పోలికే వచ్చీసిందే" అని ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చింది.

కొత్త ఫిల్ములో ఎముక గూట్లో కుదురుగా ఉంది. "భయం లేదు, నడుస్తుంది," అన్నారు డాక్టరుగారు. అంతమంది ముందూ భోరున ఏడ్చేశాను.

అత్తగారు మాత్రం ఫిల్ము దగ్గరికి వెళ్ళి, ఎముకేదో గూడేదో వేలు పెట్టి అడిగి తెలుసుకుంది. తరవాత, "నాది కూడా ఓపాలి తీయించండి బాబూ," అంది.

"ఈ వయసులో తీసినా చేసేదేం లేదు కదమ్మా," అన్నారాయన.

"ఏటీ సెయ్యొద్దు బాబూ. నా ఎముక ఎక్కడుండిపోనాదో సూసుకుంటాను."