ఆమె నా పేరు పలికిన రోజు

డెబ్బైల చివరి మాట. పెళ్లయిన ఆరు నెలలకే ఆళ్లగడ్డలో పట్టుకున్న మలేరియా మెదడుకెక్కి, నంద్యాల ఆస్పత్రిలో పడ్డాను. నా నుదుటి మీద వార్డంతటికీ జొన్నరొట్టెలు కాల్చవచ్చు, అంత జ్వరం! మూడోనాడు కళ్లు తెరిస్తే, మంచం కుందూ నది మీద పడవలా మెల్లగా తేలిపోతోంది.

"నీ పేరేందప్పా?" అన్నాడు డాక్టరు.

తలలో తెల్లని పొగమంచు తప్ప ఏమీ దొరకలేదు. పక్కనున్న అమ్మాయి నా భార్య అని కూడా తెలియలేదు.

"మెదడు వాచిందమ్మా. నువ్వు పేరు పెట్టి పిలువు, గుర్తొస్తాదేమో."

"మొగుని పేరు యాడన్నా పలుకుతారా సార్? ఆయుష్షు తగ్గదూ?"

"పలక్కపోతే నిన్నే మర్చిపోతాడు!"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, నా చెవి దగ్గరకు వంగి, "ఓబులేసూ..." అంది. ఆ పిలుపు అవతలి గట్టు నుంచి నీళ్ల మీదుగా వచ్చింది. మంచు విడిపోయింది. ముందు ఆమె కనబడింది, తర్వాత నేను.

మా పెళ్లి సంగతులు నాకు ఈనాటికీ గుర్తు రాలేదు. ఆ పిలుపు మాత్రం చెవిలోనే ఉండిపోయింది. మళ్లీ విందామని అప్పుడప్పుడు నుదురు పట్టుకుని, "నా పేరేందే?" అంటాను.

"రేషన్ కార్డులో చూస్కోపో!" అంటుంది.