పాట మధ్యలో శాలువా

పాసయ్యాను. బి.ఏ. ఆఖరి సంవత్సరం, రెండుసార్లు నన్ను వెనక్కి పంపిన అర్థశాస్త్రంతో సహా, అన్నీ పాసయ్యాను. మా పుట్టింటి వైపు డిగ్రీ అన్న మాటని పెళ్లిచూపుల్లో అవతలివాళ్ల గురించి చెప్పుకోవడమే తప్ప మా వాళ్ల గురించి వాడే అవకాశం ఇంతవరకూ రాలేదు. ఇవాళ పొద్దున్న నిడదవోలులో మా స్టీలు సామాన్ల కొట్లో ఒకావిడకి ఇత్తడి బిందె తూస్తూ, ఇంకో చేత్తో ఫోన్ తెరిచి రిజల్టు చూసుకున్నాను. బిందెని కాటా మీదే వదిలేసి కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ కంగారుపడి, "ఏంటండీ, ఏమైనా కబురా?" అంది. "డిగ్రీ పాసయ్యానండి" అన్నాను. "మీ అబ్బాయా?" "నేనేనండి." ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఆ సంతోషంలో బిందె మీద కాస్త తగ్గించండి" అంది. తగ్గించాను. ఎంత తగ్గించానో మా ఆయనకి తెలియనవసరం లేదు.

ఈ వయసులో నీకు చదువెందుకమ్మా అని అడిగినవాళ్లందరికీ ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పాను. కాలక్షేపం అన్నాను, జ్ఞానం అన్నాను, ఇంటర్ తర్వాత పెళ్లితో ఆగిపోయిందన్నాను. అన్నీ నిజమే. అసలు సంగతి మాత్రం వేరు. నేను ఒక శాలువా మీద కోపంతో చదివాను.

మా ఆడపడుచు వాళ్లది రాజమండ్రి. ఆవిడ నాకంటే పెద్దది, వదినా అని పిలుస్తాను. ఆవిడ భర్తని అన్నయ్యగారు అంటాను. ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా చెప్పడం మానలేదు, వినేవాళ్లు మారారంతే. గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఒక పాత క్లబ్బుకి ఆయన సెక్రటరీ. డిగ్రీ ఉన్నవాళ్లకే ఆ క్లబ్బులో సభ్యత్వం. తెల్లవాళ్ల కాలంలో కొందరు పట్టభద్రులు చేరి పెట్టుకున్నారట. అప్పట్లో వాళ్లు ఏమేం చదివేవారో నాకు తెలీదు గానీ, ఇప్పుడు అక్కడ ఎవరైనా చదివేది క్యాంటీన్ గోడకి తగిలించిన టిఫిన్ల బోర్డు ఒక్కటే. ప్రెసిడెంటుగారు రైస్‌మిల్లు ఆసామి. ఆయన ఒకసారి సింగపూరు వెళ్లి పెద్ద హోటల్లో భోంచేస్తుంటే మూలన ఎవరో సాక్సఫోన్ వాయించారట. బాగున్నది భోజనమో సంగీతమో తేల్చుకోలేక రెండూ ఇక్కడ పెట్టించాలని నిశ్చయించుకుని వచ్చారు. అప్పటినుంచీ ఏటా చలికాలంలో, చెన్నైలో వాయించి హైదరాబాదు వెళ్లే విదేశీ బృందాలని దారిలో పట్టుకుని మా దగ్గర ఒక సాయంత్రం దింపుతున్నారు. ఒక ఏడు జాజ్, ఒక ఏడు ఇంకో దేశంది. ఏదొచ్చినా బ్యానరు అదే.

నేను మొదటిసారి వెళ్లింది సంగీతం కోసం కాదు, వదిన మోకాళ్ల కోసం. ఆ హాలు మెట్లు ఎక్కాలంటే ఆవిడకి ఒక చెయ్యి కావాలి. ఎక్కించి, పక్కన కూర్చున్నాను. ఆవిడ కూర్చున్న మరుక్షణం నిద్రపోయింది. ఏసీ హాలు, మెత్తటి కుర్చీ ఉంటే ఆవిడకి ఏ దేశపు సంగీతమైనా ఒకటే. స్టేజీ మీద నలుగురు ఎవరి దారిన వాళ్లు ఏదో వాయిస్తుంటే, శ్రుతి చేసుకుంటున్నారు కాబోలనుకుని చాలాసేపు ఓపికపట్టాను. జనం చప్పట్లు కొట్టాక తెలిసింది, ఒక పాట అయిపోయిందని. రెండో దానిలో మనిషంత ఫిడేలుని నిలబెట్టి వేళ్లతో మీటే కుర్రాడి మోత నా కుర్చీ కాళ్లలోంచి పైకొచ్చింది. అప్పుడు విన్నాను. ఒకడు ఏదో అన్నాడు, ఇంకొకడు కాదన్నాడు, డ్రమ్ముల అతను ఇద్దరినీ వెక్కిరించాడు. అది బేరం. బేరం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మొదట చెప్పిన ధర మర్చిపోకుండా ఎంత దూరమైనా వెళ్లి, లేచి వెళ్లిపోతున్నట్టు నటించి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఇద్దరికీ కుదిరిన చోట ఆగడం. స్వరాల పేర్లు నాకు అప్పుడూ తెలీవు, ఇప్పుడూ తెలీవు. బేరం కుదిరిందో లేదో మాత్రం తెలుస్తుంది.

ఆ తర్వాత నేను ఆగలేదు. ఎక్కడ ఎవరు వాయిస్తున్నారో ఫోన్లో వెతుక్కుని విశాఖపట్నం వెళ్లాను, చెన్నై కూడా వెళ్లాను. "పెనుగొండ అమ్మవారి గుడికి రమ్మంటే నడుం నొప్పి, చెన్నైకి మాత్రం నీకు నడుమే లేదు" అని మా ఆయన అన్నారు. అంటూనే టికెట్టు తీసి పెట్టారు. చెన్నై హాల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన పెద్ద సొరబుర్రకి తోలు బిగించి, బోలెడు తీగలు కట్టిన వాయిద్యాన్ని ఒళ్లో నిలబెట్టుకుని రెండు చేతుల బొటనవేళ్లతో వాయించాడు. కాలువలో లాకులెత్తితే నీళ్లు పొలాల్లోకి జారినట్టు ఉంది. ఆఖరి తీగ చప్పుడు పోయాక కూడా కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ కాసేపు కోసమే అంత దూరం వెళ్లానని తిరుగు రైల్లో అర్థమైంది. ఆయనే మరుసటేడు రాజమండ్రి వస్తే అన్నయ్యగారు మైకులో 'ఆఫ్రికా వీణా విద్వాంసులు' అన్నారు. ఆయన లెక్కలో తీగలున్నవన్నీ వీణలు, ఊదేవన్నీ సన్నాయిలు.

మా క్లబ్బు శ్రోతల గురించి చెప్పాలి. ముందు వరసలో పళ్ల డాక్టరుగారు కూర్చుంటారు. ఏ దేశంవాళ్లు ఏం వాయించినా నాలుగు నిమిషాలు కళ్లు మూసుకుని, తెరిచి, "అచ్చం మన మోహనమేనండి" అంటారు. క్యూబావాళ్లు వచ్చినా మోహనమే, అరబ్బువాళ్లు వచ్చినా మోహనమే. ఒకసారి స్పీకరు కీచుమంది, అప్పుడు కూడా ఆయన తల ఊగింది. ఆయన వెనక ముగ్గురు ఆడవాళ్లు ఉప్పాడ పట్టుచీరల్లో వస్తారు. పాట మొదలవగానే స్టేజీకి వీపు చేసి, వాయించేవాళ్లు వెనక కనిపించేట్టు ఫొటోలు తీసుకుంటారు. ఆ ఫొటోలు బాగా వచ్చేదాకా సంగీతం అవసరం, తర్వాత అక్కర్లేదు. ప్రెసిడెంటుగారికి చప్పట్లంటే ఇష్టం, అందుకని పాట ఎక్కడ కాస్త నెమ్మదించినా అయిపోయిందనుకుని కొట్టేస్తారు. ఆయన కొట్టాక మిగతావాళ్లు ఊరుకుంటే మర్యాద కాదు కదా. మెత్తగా వాయిస్తున్నప్పుడే క్యాంటీన్ కుర్రాళ్లు జీడిపప్పు పకోడీ ప్లేట్లు వరసలమ్మట పంపుతారు. కరకరల మధ్య నుంచి సాక్సఫోన్ దారి వెతుక్కుంటూ మా వెనక వరస దాకా రావాలి. వచ్చేది. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక శాలువా. ఒక ఏడు వచ్చిన జాజ్ బృందంలో సాక్సఫోన్ వాయించేది ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నేలవైపు చూస్తూ, ఎవరికో ఒక్కరికే చెబుతున్నట్టు వాయించేవారు. చివర్లో ఒక నెమ్మదైన పాట అందుకున్నారు. మొదట చిన్న ముక్క, నలుగురూ కలిసి. తర్వాత ఆవిడ ఒక్కరే దాన్ని పట్టుకుని బయల్దేరారు. ఒకచోట తిరిగి వచ్చేస్తారనుకున్నాను, రాలేదు. ఇంకా పైకి వెళ్లారు. డ్రమ్ముల అతను పుల్లలు పక్కన పెట్టేసి చేతులతో తడుతున్నాడు. నేను కుర్చీ అంచుకి వచ్చేశాను. ఎక్కడ కుదురుతుందో ఈ బేరం అని ఊపిరి బిగపట్టాను. అప్పుడు ముఖ్య అతిథిగారు వాచీ చూసుకున్నారు. ఆయన ఏదో పెళ్లికి వెళ్లాలట. ప్రెసిడెంటుగారు అన్నయ్యగారి వైపు చూశారు. అన్నయ్యగారు శాలువా, దండ, అద్దం కట్టించిన జ్ఞాపిక పట్టుకుని అతిథిగారితో సహా స్టేజీ ఎక్కేశారు. ఆవిడ కళ్లు మూసుకుని ఉన్నారు. వెనకనుంచి అతిథిగారు శాలువా కప్పారు. దాని కొస జారి సాక్సఫోన్ మూతిలో పడింది. ఆ స్వరం సగంలో గుడ్డలో చుట్టేసినట్టు ఆగిపోయింది. ఆవిడ కళ్లు తెరిచి, భుజం మీద ఏం పడిందోనని ఉలిక్కిపడి చూశారు. ఫొటోవాళ్లు ఇటు చూడండి, ఇటు చూడండి అన్నారు. అన్నయ్యగారు మైకు అందుకుని, సంగీతానికి ఎల్లలు లేవని చాలాసేపు చెప్పారు. అతిథిగారు పెళ్లికి వెళ్లిపోయారు, సగం హాలు ఆయనతో పాటు వెళ్లిపోయింది. వాళ్లు నలుగురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని వేరే పాట ఏదో వాయించి సర్దేసుకున్నారు. ఆ పాట ఎక్కడికి వెళుతోందో నాకు ఈ రోజుకీ తెలీదు.

మెట్లు దిగుతూ ఉండబట్టలేక అడిగేశాను. "అన్నయ్యగారూ, అయ్యేదాకా ఆగితే ఏం పోయేదండీ?"

"సభా మర్యాద అనేది ఒకటుంటుంది చెల్లెమ్మా. నీకు కొత్త."

"కూడు నోట్లో పెట్టుకున్నవాళ్ల గడ్డం పట్టుకుని బొట్టు పెట్టడం ఏం మర్యాదండీ?"

ఆయన నవ్వారు. చిన్నపిల్లలు పెద్దమాట అన్నప్పుడు నవ్వే నవ్వు. "ఇవన్నీ జనరల్ బాడీలో మాట్లాడాల్సిన విషయాలమ్మా. మెంబర్లు మాట్లాడాలి."

"అయితే నన్నూ మెంబర్ని చెయ్యండి."

"డిగ్రీ ఉండాలి కదమ్మా" అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. ఆ ప్రేమే నాకు ఒళ్లు మండించింది. పాట మధ్యలో నోరు మూయించే హక్కు ఉండాలంటే డిగ్రీ కావాలట. వద్దనే హక్కుకి కూడా అదే కావాలట. సరే, అదే తెస్తానని మర్నాడు ఓపెన్ యూనివర్సిటీలో చేరాను. కొట్లో కుక్కర్ల అట్టపెట్టెల మీద పుస్తకం ఆనించుకుని చదివాను. చరిత్ర బాగానే వచ్చింది. పుట్టింది కొట్లో, పెరిగింది కొట్లో, మెట్టింది కొట్లో, అయినా గిరాకీ గురించి రాయమంటే రెండుసార్లు తప్పాను. గిరాకీ అంటే ఏంటో వాళ్లకి తెలీదని నా అభిప్రాయం. మూడోసారి వాళ్లకి కావలసింది రాసిచ్చాను.

ఇందాక మొదటి ఫోన్ అన్నయ్యగారికే చేశాను. "పాసయ్యానండి" అన్నాను.

"శుభం చెల్లెమ్మా. మన కుటుంబానికే గర్వకారణం. ఇవాళే నిన్ను మెంబర్ని చేసేస్తాను" అని ఆగి, గొంతు పెద్దది చేసి, "ఈసారి నీకు సన్మానం కూడా చేసేద్దాం. జాజ్ రోజునే. ప్రెసిడెంటుగారూ ఉంటారు. ఓ నాలుగు పాటలయ్యాక, మధ్యలో ఒక్క అయిదు నిమిషాలు ఆపిస్తాను" అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆ శాలువా ఏ రంగుదో ఊహించుకున్నాను. తర్వాత, "అంతా అయిపోయాక చెయ్యండి అన్నయ్యగారూ" అన్నాను.

"అయిపోయాక ఎవరుంటారమ్మా?"

"వినడానికి వచ్చినవాళ్లుంటారండి."

"వాళ్లు సన్మానాలు చూడరు కదమ్మా."

ఇంత నిజం ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. "నాకు సన్మానం వద్దండి. వచ్చే ఆదివారం జనరల్ బాడీలో తీర్మానం పెడతాను. సంగీతం నడుస్తుండగా స్టేజీ ఎవరూ ఎక్కకూడదు, అంతే" అన్నాను.

"పెట్టు చెల్లెమ్మా, నీ ఇష్టం. కానీ బలపరచడానికి ఇంకో మెంబరు లేవాలి. ప్రెసిడెంటుగారి ఎదుట ఎవరు లేస్తారు?"

ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది. వెనకనుంచి పోపు వేగుతున్న చప్పుడు, దాని మీదుగా వదిన గొంతు వినిపించాయి. "నేను లేస్తాను." వదినకి పెళ్లికి ముందే బి.ఎస్సీ. ఉంది. సెక్రటరీ ఎన్నికలో ఓటు కోసం ఆయనే ఆవిడని క్లబ్బులో చేర్పించారు. ఇన్నేళ్లలో ఆవిడ అక్కడ నోరు తెరిచింది ఆవలింతకే.

"నువ్వా? కచేరీలో నిద్రపోతావు కదే నువ్వు" అన్నారు అన్నయ్యగారు.

"నిద్రపడుతున్నప్పుడే కదా మీరు మైకు పట్టుకుని లేపేది" అంది వదిన. "పెట్టవే తీర్మానం. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను, లేచి నిలబడే చెబుతాను."

ఇక మిగిలినవాళ్లకి ఫోన్లు చెయ్యాలి. మా అమ్మకి, అయితే ఇంక చదువు అయిపోయినట్టేనా అని అడుగుతుంది, ఓపిగ్గా చెప్పాలి. హైదరాబాదులో మా అమ్మాయికి. పెనుగొండలో మా తమ్ముడికి, వాడి నుంచి బంధువులందరికీ పాకుతుంది కాబట్టి అందరికీ ఒకే ఫోన్. పళ్ల డాక్టరుగారికి, ఓటు కోసం, ఆదివారం దాకా ఏది మోహనమన్నా ఒప్పుకుంటాను. ఉప్పాడ చీరల ముగ్గురికీ, మధ్యలో ఎవరూ స్టేజీ ఎక్కకపోతే ఫొటోలు ఇంకా శుభ్రంగా వస్తాయని చెప్పాలి. క్యాంటీన్ కాంట్రాక్టరుకి, పకోడీ ఇంటర్వెల్లో పంపమని. చెన్నైలో బృందాలని కుదిర్చే ఆయనకి, ఆ సాక్సఫోన్ పెద్దావిడ ఇంకా వాయిస్తున్నారేమో, ఈ వైపు వస్తారేమో కనుక్కోవడానికి. మా ఆయనకి, బ్యాంకుకి వెళ్లి ఇంకా రాలేదు, ఆయనకే అందరికంటే ఆలస్యంగా తెలుస్తోంది. వయసు పెరిగేకొద్దీ రోజులు పరిగెడతాయని అంటారు గానీ, నాకైతే ఈ ఆదివారం ఎప్పటికీ వచ్చేలా లేదు.