అన్నీ ఉన్న కంప్యూటరు

ఆ వీధిలో ఫొటో స్టూడియో ఆయన్ని అందరూ 'కదలకండి గారు' అనే పిలిచేవాళ్ళు. నల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఏళ్ళ తరబడి ఆయన చెప్పిన మాట అదొక్కటే మరి. పసిపిల్లలకూ అదే, పక్షవాతం వచ్చి నిజంగానే కదలలేని ముసలాయనకూ అదే. పేరు ఊరికే వస్తుందా!

మనిషి మంచివాడే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. తీసిన ఏ ఫొటోనూ పారేసేవాడు కాదు. కళ్ళు మూతపడినవి, తల సగం తెగినవి, పిల్లవాడు దిగి పారిపోతే ఉత్త స్టూలు మాత్రం పడినవి, అన్నిటినీ సీడీల్లోకి ఎక్కించి అట్టపెట్టెల్లో దాచేవాడు. "ఈ చెత్తంతా ఎందుకండీ" అని భార్య విసుక్కుంటే, "మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు వస్తారే, అప్పుడు అడుగు చెత్తో కాదో" అనేవాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఒకప్పుడు నిజంగానే వచ్చేవాళ్ళు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో గుమ్మంలో నిలబడి, "మా నాన్న ఫొటో ఏమైనా ఉందా అండీ" అని అడిగేవాళ్ళు. ఆయన పెట్టెలన్నీ కెలికి, ఆ ముఖాన్ని పట్టుకుని, పెద్దది చేసి చేతిలో పెడితే, వాళ్ళు ఆయనకు దండం పెట్టి మరీ వెళ్ళేవాళ్ళు. ఒక్కసారి ఆ గౌరవం రుచి మరిగాక ఇంకేం మానతాడు!

దీనికి తోడు ఇంకో తిక్క ఉంది. ఫొటోలకు ఆయన మనుషుల పేర్లు పెట్టేవాడు కాదు. "పేరుదేముంది, ఊళ్ళో సగం మందికి అదే పేరు. చూడగానే ఏది తోస్తే అదే గుర్తు" అనేవాడు. అందుకే ఒక ఫోల్డరు పేరు 'ఎర్ర చొక్కా', ఇంకోటి 'పళ్ళు దాచుకున్న పెద్దాయన', మరోటి 'ఏడ్చిన పాప'. లోకంలో స్టూలెక్కి ఏడవని పాప ఎక్కడైనా ఉందా చెప్పండి? 'ఏడ్చిన పాప'లే ఒక పెట్టెడు పోగయ్యారు. అయినా సీడీ పైనున్న గీతలు, అట్టపెట్టె మూలన పడిన మరకలు చూసి, ఏ ముఖం ఎక్కడుందో ఆయన ఇట్టే చెప్పేసేవాడు.

పాత కంప్యూటరు ఒకరోజు పొద్దున్నే కళ్ళు తేలేసింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి కొత్తది కొనడానికి వెళ్ళారు. దుకాణంలో కుర్చీలు వేసి కూర్చోబెట్టిన మనిషి రెండు పెట్టెలు చూపించాడు.

"ఇది చూడండి సార్. మెమరీ కొండంత. మీ జన్మలో నిండదు. కాకపోతే లోపల డిస్కు తిరగాలి, కాస్త నిదానం. అదేమో చిప్పు. మెమరీ తక్కువే, స్పీడు మాత్రం అదిరిపోద్ది. నొక్కేలోపే తెరుచుకుంటుంది."

"రెండూ కలిపి ఒకదాంట్లో రాదా?" అని అడిగాడు కదలకండి.

"వస్తుంది సార్, దాని ధర వేరే," అని ఆ మనిషి పైఅరలో ఉన్నదాని వైపు చూశాడు. వాళ్ళు కూడా ఓసారి తలెత్తి చూసి దించేశారు.

"స్పీడుదే తీసుకుందామండీ," అంది భార్య. స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించేది, కవర్లలో పెట్టేది, వచ్చినవాళ్ళతో మాటలు పడేది ఆవిడే. "ఎదురుగా జిరాక్సు షాపువాళ్ళు మనం టీ తాగి వచ్చేలోపు ఫొటో చేతిలో పెడుతున్నారు. మన దగ్గర కూర్చోమంటే ఎవరు కూర్చుంటున్నారు? పాతవి ఆ సీడీల్లోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు."

"పోతున్నాయే! మొన్న తీస్తే రెండు సీడీలు తెరుచుకోనేలేదు. అలా ఒక్కోటీ చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోనా?"

"పోయినవాళ్ళ ఫొటోలు సరే, బతికున్నవాళ్ళ ఫొటోల మాటేమిటి? అద్దె కట్టేది వాళ్ళతోనే కదా!"

"స్పీడుకేముందే, రెండు నిమిషాలు ఆగితే వస్తుంది. పోయిన ఫొటో ఆగితే వస్తుందా?"

ఆ మాటకు ఆవిడ దగ్గర జవాబు లేదు. జవాబు లేని మాటలన్నీ నిజాలే అయితే ఈ లోకం ఎప్పుడో బాగుపడేది. కొండంత మెమరీ ఉన్న పెట్టె ఆటో ఎక్కింది.

ఇంటికి తెచ్చిన రోజునుంచీ సీడీలన్నీ ఒక్కోటీ అందులోకి ఒంపాడు. ఒంపిన సీడీని ఒంపినట్టే పారేశాడు, అట్టపెట్టెల్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. అన్నీ ఒకేచోట చేరాయని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. గీతలూ మరకలూ కూడా పోయాయని, ఇక తనకు మిగిలింది ఆ పిచ్చి పేర్లేనని అప్పుడు తట్టలేదు. తట్టినా ఒప్పుకునే మనిషి కాదనుకోండి.

తర్వాత జరిగింది చెప్పాలంటే నాకే ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే మీట నొక్కితే ఆ మహాతల్లి లేచేసరికి ఆయన గది ఊడ్చి, అద్దం తుడిచి, కెమెరా తుడిచి, మళ్ళీ అద్దం తుడిచేవాడు. ఫొటో సరిచేద్దామని తెరిస్తే తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతూ ఉండేది. స్టూలు మీదివాళ్ళు గోడ గడియారం చూసేవాళ్ళు, తర్వాత ఫోను చూసేవాళ్ళు, తర్వాత "ఇప్పుడే వస్తామండీ" అని లేచేవాళ్ళు. ఆ ఇప్పుడే ఏనాడూ రాలేదు. అద్దాల తలుపులోంచి చూస్తే వాళ్ళే ఎదురుగా జిరాక్సు షాపులో నిలబడి కనిపించేవాళ్ళు. పాత ఫొటో కోసమైతే ఒక్క పురుగు రాలేదు. ఎవరి చచ్చినవాళ్ళు వాళ్ళ ఫోనుల్లోనే ఉంటున్నారు కదా ఇప్పుడు!

ఒకరోజు భార్య భోజనం వడ్డిస్తూ, "నన్ను వాళ్ళు పనిలోకి రమ్మన్నారండీ," అంది. ఎవరని అడగలేదు ఆయన. "వెళ్ళు," అన్నాడు. మర్నాటినుంచి ఆవిడ వీధికి ఆ పక్కన కూర్చుని అవే పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మాత్రం ఈ పక్కకే తెచ్చుకుని తినేది. అద్దె ఆవిడ జీతంలోంచే వెళ్ళేది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పోయినవాళ్ళ ముఖం కోసం గుమ్మం ఎక్కితే చాలు, నేను చేసింది తప్పు కాదని నా పెళ్ళానికి తెలుస్తుంది, అని ఆయన రోజూ అనుకునేవాడు. పాడు కోరిక అని తనకూ తెలుసు. కోరుకోకుండా ఉండలేకపోయాడు.

వచ్చింది ఎవరో కాదు, సందు చివరి టైలరు. పాతికేళ్ళ స్నేహం. చెప్పులు కూడా లేకుండా వచ్చాడు.

"పోయిందన్నా," అన్నాడు. "రాత్రి బాగానే పడుకుంది. పొద్దున లేపితే లేవలేదు."

పోయింది టైలరు భార్య. ఆ ఇల్లాలు ఎదురుగా వస్తుంటే నవ్వు ముందు వచ్చేది, మనిషి వెనక వచ్చేది. తన భార్యకు ప్రాణ స్నేహితురాలు.

"ఇంట్లో ఒక్క ఫొటో మిగల్లేదన్నా, నాదేమో డబ్బా ఫోను. ఆధార్ కార్డు మీద గోరంత ఉంది, అదీ అరిగిపోయింది. మేమిద్దరం నీ దగ్గర తీయించుకున్నామే, కొత్తల్లో... మనిషిని తీసుకెళ్ళేలోపు ఫొటో ముందు గదిలో పెట్టాలి. ఉందా?"

"ఉంది," అన్నాడు కదలకండి. "ఉండకేం! కూర్చో."

నిజంగానే ఉంది. ఆవిడ నవ్వు ఆపుకోలేక, తాను 'కదలకండి' అని గొంతు పోయేలా అరవడం ఆయనకు గుర్తుంది. 'నవ్వు ఆగనావిడ' అని వెతికాడు. చక్రం తిరిగింది, తిరిగింది, లేదంది. 'నవ్వు' అని వెతికితే నవ్వులు కుప్పలుగా వచ్చాయి. ఒక్కో ఫోల్డరు తెరిస్తే బొమ్మలు ఒక్కొక్కటిగా, బూడిదరంగు డబ్బాలోంచి మెల్లగా ముఖాలుగా మారుతున్నాయి. ఎవరి ముఖాలో. టైలరు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఈమె కాదు. ఈమె కాదు," అంటున్నాడు పైకే.

"వస్తుంది, ఒక్క నిమిషం," అని కదలకండి చెబుతూనే ఉన్నాడు. చెమటకు చేతిలో మౌసు జారుతోంది.

టైలరు బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బావా, అందరూ వచ్చేశారు. నీకోసమే ఆగారు." కాసేపు చూశాడు. మళ్ళీ, "బావా, ఆ కార్డు ఇలా ఇవ్వు," అన్నాడు. టైలరు జేబులోంచి తీసి ఇచ్చాడు. అతను దాన్ని పట్టుకుని వీధి దాటాడు. ఎదురుగా తన భార్య లేచి నిలబడి కార్డు అందుకోవడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కదలకండి అద్దంలోంచి చూశాడు. కొద్దిసేపటికే అతను చేతిలో కవరుతో బయటికి వచ్చి చెయ్యి ఊపాడు. టైలరు లేచాడు.

"వస్తానన్నా," అన్నాడు. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే."

కదలకండి కూడా టైలరు ఇంటికి వెళ్ళి పాడె వెంట నాలుగు అడుగులు నడవాల్సింది. వెళ్ళలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఆ పెట్టె ముందే కూర్చున్నాడు. ఫొటో దొరికేసరికి ఎండ గోడ దిగిపోయింది. 'కొత్త కోటు' అనే ఫోల్డర్లో ఉంది. టైలరు ఆ రోజు తన చేత్తో కుట్టుకున్న కోటు వేసుకుని వచ్చాడు. అది చూసి ముచ్చటపడి ఆ పేరు పెట్టాడు ఈ మహానుభావుడు. పక్కన ఆవిడ, తల కొంచెం వెనక్కి వేసి, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

ప్రింటు తడి ఆరకముందే పట్టుకుని వెళ్ళాడు. అప్పటికి అంతా అయిపోయింది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బల్ల మీద ఫ్రేములో ఎవరో ఆడమనిషి, ఉబ్బిన ముఖంతో, సూటిగా చూస్తోంది. టైలరు ప్రింటు అందుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేనన్నా. ఇదే మనిషి." బల్ల మీది ఫ్రేము వైపు చెయ్యి చూపించాడు. "దాని చెల్లెలు ఎక్కడినుంచో పడుతూ లేస్తూ వచ్చింది. అప్పటికే తీసుకెళ్ళిపోయాం. ఆ బల్ల మీది ఫొటో చూసి, మా అక్క ఇలా అయిపోయిందా బావా అని ఒకటే ఏడుపు. ఇప్పుడే బండెక్కింది."

ప్రింటును చొక్కా అంచుతో మెల్లగా తుడిచి మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాడు. "నీ దగ్గరే ఉంచన్నా. ఇప్పుడు నేను చూడలేను. నీ దగ్గరుంటే పోదు కదా."

ఎత్తిపొడుపు అయితే బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. మనసులో ఉన్నదే అన్నాడు ఆ మనిషి.

స్టూడియోకి వచ్చేసరికి భార్య అక్కడ ఉంది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఆయన చేతిలోది లాక్కుని చూసింది. చూసి నేల మీద కూలబడింది.

"కార్డులో కళ్ళు చెరిగిపోయి ఉన్నాయండీ," అంది. "వాళ్ళు తొందర పెడుతున్నారు. నేనే వేరే ఎవరివో కళ్ళు తెచ్చి అతికించాను. రోజూ చూసిన మనిషండీ, దాని కళ్ళెలా ఉంటాయో ఆ టైములో నాకు గుర్తు రాలేదు."

ఆయన ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆ రోజు దుకాణంలో నువ్వు చెప్పిందే నిజం అని అందామనుకున్నాడు. అన్నా ఎవరికి లాభం?

మర్నాడు స్టూడియో షట్టరు ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు.